కుళాయి రాకముందు

గదిలోకెళ్లి తలుపు వేసుకుని
దేవుడితో మాట్లాడమన్నారు పాస్టరుగారు.
తలుపెక్కడిది మాకు?
కాశీబుగ్గ రైలుగేటు వెనక ఒక్కటే గది,
మధ్యన మా అత్త పాత చీర తెర.
ఆ పక్క ఆవిడ దగ్గు,
ఈ పక్క మేం నలుగురం.

అయినా నాలుగ్గంటలకి లేచేదాన్ని.
బియ్యం డబ్బా పక్కన మోకాళ్లేసి
"తండ్రీ" అనబోతే
"తం" దగ్గరే కునుకు పట్టేసేది.
గూడ్సుబండి వెళ్తుంటే
గూట్లో గిన్నెలు గలగలమని
నా బదులు ఆమెన్ చెప్పేవి.
అంతలో కుళాయి. బిందెలు. తగువు.
ఆయనతో మాట రేపటికి వాయిదా,
చీటీ డబ్బుల్లా.

సంతోషమ్మక్కతో చెప్పుకుంటే
"నిద్దరొస్తే నిద్దరోయే.
పిల్ల తొంగుంటే తండ్రి కోపడతాడేటి?" అంది.
అంది గానీ, నాకు ఆనలేదు.

పొద్దున్న జీడిపిక్కలు కొడతాను,
మధ్యాహ్నం పప్పుకి పొట్టు తీస్తాను.
బూడిద రాసినా ఆముదం రాసినా
జీడి చమురు చర్మాన్ని వదలదు.
గుండు పప్పుకి ఒక రేటు,
విరిగితే బద్ద రేటు.
సాయంత్రం కాటా దగ్గర
నా రోజంతా అంతే తూగుతుంది.

ఓ వానపూట కరెంటు పోయింది.
ఫ్యాన్లు ఆగాయి. షెడ్డంతా చీకటి.
సూపర్‌వైజరు సెల్లు కోసం తడుముకుంటున్నాడు.
ముప్పైమంది ఆడవాళ్లం,
ఎందుకో, ఒక్కరూ నోరెత్తలేదు.
చేతులు మాత్రం ఆగలేదు.
వేళ్లకి పప్పు తెలుసు.
రేకుల మీద వాన,
ఒళ్లో రాలే పొట్టు.

అప్పుడు
ఎలా చెప్పను,
చీకట్లో పక్కన కూర్చున్నదెవరో
ఊపిరిని బట్టి తెలిసిపోతుంది చూడండి,
అలా తెలిసింది.
నేను పిలవలేదు. ఏమీ అడగలేదు.
డ్వాక్రా బాకీ కూడా గుర్తు రాలేదు.
ఎప్పట్నుంచో ఆ పీట మీదే కూర్చుని
నాతో పాటు పొట్టు తీస్తున్నట్టు,
నేనే ఇటు తిరగనట్టు.

కరెంటొచ్చింది.
"ఏటే సుగుణా, నీలో నువ్వే నవ్వుతన్నావు?"
పక్కనుంచి పైడమ్మ.
నోరు తెరిచి మూసుకున్నాను.
"ఏటీ లేదే. ఇయ్యాల పప్పు ఇరగలేదు."

మర్నాడు మళ్లీ కావాలనిపించింది.
కళ్లు మూసుకుని పొట్టు తీశాను.
బొటనవేలు తెగింది.
నిజం చెప్తున్నాను,
కరెంటు పోవాలని ప్రార్థన కూడా చేశాను.
ఆ వారమంతా
రెప్ప కొట్టకుండా వెలిగింది బల్బు!

తర్వాత బల్ల ఆదివారం.
ఎప్పుడూ నిమ్మచెక్కతో రుద్ది రుద్ది
కొంగు కింద దాచి తీసుకెళ్లే చేతులు,
ఆ రోజు రుద్దడం మరిచిపోయాను.
వరసలో నా వంతు వచ్చేసింది.
నల్లటి అరచేతిలో తెల్లగా
చిన్న రొట్టెముక్క.
విరిచిన ముక్క.
బద్ద రేటు గుర్తొచ్చి
నవ్వు ఆపుకున్నాను.
ఆపుకోలేకపోయింది నవ్వు కాదు.

ఇప్పటికీ మాకు తలుపు లేదు.
అత్త దగ్గు తగ్గలేదు.
"తం" దగ్గర నిద్ర, అదీ మామూలే.

నిన్న మాత్రం
"సుగుణా" అని ఎవరో లేపారు.
నీళ్లొచ్చాయేమోనని
బిందె పట్టుకుని పరిగెత్తాను.
వీధంతా నిద్రలో ఉంది.
కుళాయి కింద నేల పొడిగా ఉంది.
వెనక్కొచ్చి చూస్తే
ఇంట్లో అందరూ పడుకునే ఉన్నారు.

మళ్లీ పడుకోలేదు.
ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకుని
కుళాయి గట్టు మీద కూర్చున్నాను,
నీళ్లొచ్చేదాకా.